ఏడు వందల మీటర్ల డ్రెయిను కట్ట: రొయ్యల గుంటలకు పికప్ కొనేటప్పుడు ఫోర్ వీలా, టూ వీలా

నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట మండలంలో, మైపాడు వైపు, ఎకరా చొప్పున పది వెనామీ రొయ్యల గుంటలు. అయిదేళ్ల లీజు. పాత టూ వీల్ డ్రైవ్ పికప్ ఛాసిస్ తుప్పు పట్టి వదిలించుకోవాల్సి వచ్చింది. రైతు అడిగింది ఒకటే: నాలుగు చక్రాలకూ ఇంజిన్ బలం అందే ఇసుజు వీ-క్రాస్ ఫోర్ బై ఫోర్ పికప్ తీసుకుంటే వానాకాలం బాధ తీరుతుందా? చుట్టుపక్కల ఇద్దరు ముగ్గురు పెద్ద రైతులు అదే కొన్నారు కాబట్టి ఆయన మనసులో సగం నిర్ణయం అయిపోయే ఉంది.

బండి గురించి మాట్లాడే ముందు దారి నడిచి చూడాలి. షోరూంలో నిలబడి తేల్చే ప్రశ్న కాదిది.

దారి, బరువు

మేత గోడౌన్ తారు రోడ్డు పక్కనే. అక్కడిదాకా డీలర్ లారీయే తెచ్చి దించుతుంది. అక్కడి నుంచి తొమ్మిది వందల మీటర్లు పంచాయతీ మెటల్ రోడ్డు, తర్వాత ఏడు వందల మీటర్లు డ్రెయిను కట్ట, ఆపైన గుంటల కట్ట మీదికి ఎక్కే ర్యాంపు. చివరి రెండు గుంటలూ ఉప్పుకాలువ ఒడ్డున ఉన్న మోటారు షెడ్డూ చేరాలంటే ఇంకో నాలుగు వందల మీటర్ల ఇసుక.

పంట ముదిరినప్పుడు ఎకరా గుంటలో రెండు టన్నుల రొయ్య ఉందనుకుంటే, దాని బరువులో మూడు శాతం చొప్పున రోజుకు 60 కిలోల మేత పడుతుంది. పది గుంటలకు 600 కిలోలు, అంటే పాతిక కిలోల బస్తాలు 24. డ్రైవరు, ఇద్దరు కూలీలు కలిపి మరో 200 కిలోలు. ఖాళీ బండి సుమారు 1,800 కిలోలు అనుకుంటే కట్ట మీద నడిచే మొత్తం బరువు 2,600. ఇందులో వెనక ఇరుసు మీద పడేది 1,400 పైచిలుకు. ఈ రెండు అంకెలు గుర్తుంటే మిగతా లెక్కంతా వీటి మీదే నడుస్తుంది.

పట్టుబడి నాడు, అంటే రొయ్యలు పట్టే రోజు, మోసే సరుకు ఇందులో కలపలేదు. కొనుగోలుదారుల లారీలు తారు రోడ్డు మీదే ఆగుతాయి. గుంట నుంచి అక్కడికి టబ్బులు మోసేది ట్రాక్టర్ ట్రాలీ. పట్టుబడిని చూపించి పెద్ద పికప్ కొనేవాళ్లు చాలామంది కనిపిస్తారు. ఆ ఒక్క రాత్రి కూడా వాళ్ల పికప్ ట్రాలీకి దారిచ్చి పక్కన నిలబడే ఉంటుంది.

ర్యాంపు: బండి తప్పు కాదు

పాత బండి దిగబడే చోట్లు మూడే: ర్యాంపు, డ్రెయిను కట్ట, ఇసుక. మూడింటికీ కారణం వేరు, మందు వేరు.

గుంట కట్ట ఎత్తు మీటరున్నర. ర్యాంపు పొడవు పదిన్నర మీటర్లు. అంటే ఏడు మీటర్లకు ఒక మీటరు ఎక్కుడు. నీళ్ల ట్యూబు, టేపు ఉంటే అయిదు నిమిషాల్లో కొలవచ్చు. తడిసిన బంకమట్టి మీద టైరుకు దొరికే పట్టు, దాని మీద ఉన్న బరువులో పాతిక శాతం ఉంటే గొప్ప. బురదలో చక్రం దొర్లడానికే మొత్తం బరువులో పది శాతం లాగుడు కావాలి. అంచనా అంకెలే అయినా బొమ్మ కనిపించడానికి చాలు.

కావలసిన లాగుడు: బురదకు 260 కిలోలు, ఎక్కుడుకు 371. మొత్తం 631. టూ వీల్ ఇవ్వగలిగింది వెనక ఇరుసు 1,410లో పాతిక శాతం, అంటే 352. సగానికి కాస్త ఎక్కువ. ఇక ఎంత ఇంజిన్ ఉన్నా, ఎంత రేస్ చేసినా చక్రం అక్కడే తిరిగి గుంత తవ్వుతుంది. ఫోర్ వీల్ అయితే మొత్తం 2,600లో పాతిక శాతం, 650. ఎక్కుతుంది, కానీ మిగులు 19 కిలోలే. వాన ఇంకాస్త పడి పట్టు 22 శాతానికి జారితే 572కి వస్తుంది, అదీ దిగబడుతుంది. పైగా ఆ పాటికి ర్యాంపు నడుమ రెండు లోతైన గాళ్లు పడి ఉంటాయి.

ఇదే ర్యాంపును పద్దెనిమిది మీటర్లకు సాగదీసి పన్నెండుకు ఒకటి వాలు చేసి, పైన గ్రావెల్ వేస్తే ఎక్కుడుకు 217, దొర్లడానికి నాలుగు శాతం చొప్పున 104, మొత్తం 321 చాలు. తడి గ్రావెల్ మీద పట్టు 45 శాతం దొరికితే టూ వీల్‌కే 634 ఉంటుంది. కావలసినదానికి దాదాపు రెట్టింపు.

గ్రావెల్ కూడా పెద్ద ఖర్చేం కాదు. 18 మీటర్ల పొడవు, మూడున్నర వెడల్పు, రోలింగ్ అయ్యాక 20 సెంటీమీటర్ల మందం అంటే 12.6 ఘనపు మీటర్లు. నొక్కుకుపోయేది పాతిక శాతం కలిపితే 15.75, అంటే ఆరు యూనిట్ల (యూనిట్ అంటే వంద ఘనపు అడుగులు) లోపు. ఇక్కడ అందరూ చేసే తప్పు, గ్రావెల్‌ను నేరుగా నల్లమట్టి మీద పోయడం. మొదటి వానకే కింది బంక పైకి ఉబికి, గ్రావెల్ కిందికి కుంగి, మరుసటి ఏడు ర్యాంపు మళ్లీ నల్లగా కనిపిస్తుంది. ముందు పది సెంటీమీటర్లు ఇసుకో క్వారీ డస్టో పరిచి, దాని మీద గ్రావెల్ వేసి, తడిపి నొక్కాలి. వాన నీళ్లు ర్యాంపు వెంట జారకుండా రెండు పక్కలా చిన్న కాలువ తీయాలి. తాటిమట్టలు పరిచి దాటించడం ఆ పూటకు పనికొస్తుంది, అంతే.

కాబట్టి ర్యాంపు కోసం ఫోర్ వీల్ కొనక్కర్లేదు. ఫోర్ వీల్ కొన్నా ర్యాంపు బాగుచేయక తప్పదు.

డ్రెయిను కట్ట: అసలు ప్రశ్న

ఆ ఏడు వందల మీటర్లు ప్రభుత్వానివి. రైతు సొంతంగా రోడ్డు వేయలేడు. అనుమతి దొరికినా మూడు మీటర్ల వెడల్పు, 15 సెంటీమీటర్ల మందం చొప్పున 315 ఘనపు మీటర్లు, పోసే లెక్కన దాదాపు 140 యూనిట్లు. అయిదేళ్ల లీజుకు ఎవరూ పెట్టరు.

చదునుగా ఉంది కాబట్టి ఒక వాన పడ్డ రోజున టూ వీల్ కూడా దాటుతుంది: కావలసింది 260, ఉన్నది 352. తేడా వచ్చేది వాన మూడు నాలుగు రోజులు విడవకుండా పట్టినప్పుడు. గాళ్లు లోతై, చక్రం అడుసును తోసుకుంటూ పోవాల్సి వచ్చి, దొర్లడానికే 15 నుంచి 20 శాతం కావాలి. అంటే 390 నుంచి 520. టూ వీల్ అక్కడ ఆగిపోతుంది, ఫోర్ వీల్ 650తో వెళ్తుంది. నెల్లూరు తీరానికి ఏడాది వానలో ఎక్కువ భాగం ఈశాన్య రుతుపవనాలదే, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఆ మూడు నెలల్లో గుంటలో పంట ఉంటే ఈ కట్ట ప్రశ్న తప్పదు. ఆ నెలల్లో గుంటలు ఎండగట్టి ఉంచే రైతుకు ఈ లెక్క వర్తించదు, టూ వీల్ చాలు.

రెండు జాగ్రత్తలు ఇక్కడే చెప్పాలి. మొదటిది, కట్ట అంచు. ఫోర్ వీల్ బండి ముందుకు లాగుతుందే గాని, కింద కట్ట జారిపోతే ఆపలేదు. పై వెడల్పు మూడు మీటర్లకు తగ్గిన చోట, నానిన అంచు మీద రెండున్నర టన్నుల బండి ఏ డ్రైవ్ అయినా ఒకటే. 12 ఎం.ఎం. కడ్డీని అంచు నుంచి రెండడుగుల లోపల నిలబెట్టి ఒంటి బరువుతో నొక్కితే, జానెడు దాటి సులువుగా దిగిందంటే ఆ పూట అక్కడికి బండి తీసుకుపోవద్దు.

రెండోది, డిఫరెన్షియల్. మామూలు డిఫరెన్షియల్ రెండు చక్రాలకూ సమానంగా బలం పంచుతుంది. పట్టులేని చక్రం ఎంత తీసుకోగలదో గట్టి నేల మీదున్న రెండో చక్రానికీ అంతే అందుతుంది. డ్రెయిను కట్ట మీద ఎడమ చక్రాలు రెండూ అడుసులో, కుడివి రెండూ గట్టి నేల మీద ఉండటం రోజూ జరిగేదే. అప్పుడు ముందూ వెనకా ఎడమ చక్రాలు మాత్రం తిరుగుతుంటాయి, బండి కదలదు. ఫోర్ వీల్ అని రాసి ఉన్నా కదలదు. అందుకే బండి చూసేటప్పుడు నాలుగు చక్రాలు నడుస్తాయా అన్న దాని తర్వాత అడగాల్సిన ప్రశ్న, వెనక ఇరుసులో ఒక చక్రం జారినా రెండోదానికి బలం చేర్చే లిమిటెడ్ స్లిప్ గాని లాక్ గాని ఉందా, లేదంటే బ్రేకు పట్టి సర్దే ట్రాక్షన్ కంట్రోల్ ఉందా అని. ఏదీ లేని బండిలో వెనక చక్రం ఒకటే తిరుగుతుంటే హ్యాండ్ బ్రేకు రెండు మూడు పళ్లు లాగి, మెల్లగా యాక్సిలరేటర్ ఇస్తే రెండో చక్రానికి కొంత బలం చేరుతుంది. హ్యాండ్ బ్రేకు వెనక చక్రాల మీద పనిచేసే బండిలోనే ఈ ఉపాయం.

ఇసుక

ఎండిన ఇసుకలో విచిత్రం ఏమిటంటే, మేతతో వెళ్లిన టూ వీల్ దాటిపోయి, ఖాళీగా తిరిగొచ్చేటప్పుడు దిగబడుతుంది. వెనక బరువు లేక పట్టు పోతుంది. నాలుగు ఇసుక బస్తాలు తొట్టిలో ఉంచుకోవడం పాత డ్రైవర్లకు తెలిసిన పద్ధతే. అసలు మందు గాలి తగ్గించడం. ట్యూబ్‌లెస్ టైర్లయితే, బండి ఖాళీగా ఉన్నప్పుడు 18 నుంచి 20 పీఎస్ఐకి దించి, ఇరవై కిలోమీటర్ల వేగం దాటకుండా పోయి, తారు ఎక్కే ముందు మళ్లీ నింపాలి. ట్యూబు టైర్లకు ఇంత దించకూడదు. రిమ్ము మీద టైరు జారి, ట్యూబును లాగి, వాల్వు మొదట్లో తెగుతుంది. లోడుతో ఉన్న వెనక టైర్లకు కూడా కంపెనీ చెప్పిన గాలి నుంచి అంతంత తగ్గించడం పనికిరాదు, పక్కగోడ నలిగి పగులుతుంది.

వానలో మోయాల్సింది ఏమిటి

నాలుగు రోజుల ముసురులో మేత గురించి కంగారు అక్కర్లేదు. మబ్బు పట్టి నీళ్లలో ఆక్సిజన్ తగ్గినప్పుడు మేత ఎలాగూ తగ్గిస్తారు. ఆగకూడనివి ఏరియేటర్లు, అంటే నీళ్లను చిలికి గాలి కలిపే యంత్రాలు. కరెంటు పోయి జనరేటర్ డీజిల్ అయిపోతే, అర్ధరాత్రి దాటాక నిండు పంట గుంటలో రొయ్య కొద్ది గంటల్లో చచ్చిపోతుంది. రైతు ఫోర్ వీల్ అడగడం వెనక ఉన్న భయం ఇదే, అది సరైన భయమే.

కానీ దానికి మందు బండి కాదు. ఈ గుంటలకు 50 కిలోవాట్ల లోడు ఉంటే జనరేటర్ గంటకు 13, 14 లీటర్లు తాగుతుంది. రోజుకు 325 లీటర్లు. 200 లీటర్ల డ్రమ్ములు నాలుగు ముందే నింపి ఉంచితే రెండు రోజుల పైన గడుస్తుంది. డీజిల్ 2,500 లీటర్ల లోపు, ఒక్కో పాత్ర వెయ్యి లీటర్లకు మించకుండా నిల్వ ఉంచడానికి పెట్రోలియం చట్టం ప్రకారం లైసెన్సు అక్కర్లేదు. జనరేటర్ షెడ్డుకు దూరంగా, కట్ట కంటే ఎత్తైన దిమ్మె మీద, పైకప్పు కింద పెడితే చాలు. 2021 నవంబరులో పెన్నా వరదకు పడుగుపాడు దగ్గర హైవేకే గండి పడింది. అలాంటి రోజున ఏ ఫోర్ వీలూ బంకు నుంచి డీజిల్ తేలేదు.

డ్రమ్ముల సంగతి తేలాక ఫోర్ వీల్‌కు మిగిలిన పని: సూపర్‌వైజరు, కూలీలు, ఆక్సిజన్ మాత్రలు, మినరల్స్, చెడిపోయిన ఏరియేటర్ మోటారు. బరువు తక్కువ, కానీ రాత్రీ పగలూ తిరగాలి. ట్రాక్టర్ వెళ్లగలదు గాని, అర్ధరాత్రి ట్రాక్టర్ డ్రైవర్ దొరకడు, నలుగురు మనుషులు వానలో దాని మీద వేలాడుతూ పోవడం ప్రమాదం కూడా.

పోల్చిన బండ్లు

వీ-క్రాస్ మంచి బండి. 1.9 లీటర్ల డీజిల్, 163 హార్స్‌పవర్, శ్రీసిటీలో తయారీ. ఈ పనికి మాత్రం అక్కర్లేని బండి. అయిదు మీటర్లు దాటిన పొడవు గుంటల మూలల్లో ఒక్కసారికి తిరగదు. హైవే టైర్లతో వస్తుంది, బంకమట్టి ఆ గాళ్లలో నిండితే టైరు నున్నగా అయిపోతుంది. ఉప్పు బురదలో రోజూ తొక్కే బండికి అంత ధర పెట్టడం, దాని సీట్ల మీద మేత బస్తాలు వేయడం రెండూ దుబారానే. టొయోటా హైలక్స్ మన దేశంలో ఫోర్ బై ఫోర్‌లోనే దొరుకుతుంది, ధర ఇంకా పైన. ఇసుజుదే డి-మాక్స్ ఎస్-క్యాబ్ టూ వీల్. మిగిలింది మహీంద్రా బొలెరో క్యాంపర్ ఫోర్ వీల్. 2.5 లీటర్ల ఇంజిన్, 75 హార్స్‌పవర్, టన్ను లోడు, వెనక సీటు. విడిభాగాలు నెల్లూరులో ఏ వీధిలో అడిగినా దొరుకుతాయి, కమాను కట్టలు విప్పడం ఏ మెకానిక్‌కైనా వచ్చు. కొన్నది అదే.

పసుపు బోర్డు కాగితాల విషయం క్లుప్తంగా. ఆర్సీలో గ్రాస్ వెయిట్ (బండి, లోడు కలిపిన బరువు) 3,000 కిలోలు మించకపోతే గూడ్స్ పర్మిట్ అక్కర్లేదు. పెద్ద లోడు పికప్‌లు ఈ గీత దాటతాయి, కొనే ముందు చూసుకోవాలి. ఫిట్‌నెస్ ఎనిమిదేళ్ల వరకు రెండేళ్లకోసారి, తర్వాత ఏటా. డ్రైవరుకు ఎల్ఎంవీ (తేలికపాటి వాహనాల) లైసెన్సు చాలు, 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం దీన్ని ఖాయం చేసింది.

డెలివరీకి ముందు బండి కింద పడుకుని చూసినవి: ట్రాన్స్‌ఫర్ కేస్ (ముందు ఇరుసుకూ బలం మళ్లించే గేర్ల పెట్టె), రెండు డిఫరెన్షియళ్ల గాలి గొట్టాలు ఎంత ఎత్తులో ముగుస్తున్నాయి, ముందూ వెనకా లాగుడు కొక్కేలు ఛాసిస్‌కే ఉన్నాయా, లీవరు ఫోర్ హైలోకి (మామూలు గేర్లతోనే నాలుగు చక్రాలూ నడిచేది), నెమ్మదిగా ఎక్కువ లాగుడిచ్చే ‘ఫోర్ లో’ అనేది ఉంటే అందులోకి కూడా శుభ్రంగా పడుతుందా. టైర్లు వెంటనే ఆల్ టెర్రైన్ (తారుకూ బురదకూ పనికొచ్చే) రకానికి మార్చారు, నాలుగూ, స్టెప్నీతో సహా. పార్ట్‌టైం ఫోర్ వీల్‌లో, అంటే కావలసినప్పుడే లీవరుతో వేసే రకంలో, ముందొక సైజు, వెనకొక అరుగుదల ఉంటే ఫోర్ వీల్ వేసినప్పుడల్లా ట్రాన్స్‌ఫర్ కేస్ మీద భారం పడుతుంది. ఇక మీదట టైర్లు జతగా మార్చే అలవాటు మానాలి, నాలుగూ ఒకేసారి.

ఇదే రైతు కొండపి, టంగుటూరు వైపు పొగాకు వేసేవాడైతే సలహా మరోలా ఉండేది. బేళ్లు వేలం కేంద్రానికి పోయేది ఎండల్లో, ఆరిన దారి మీద. అక్కడ ఫోర్ వీల్ అంటే ముందు ఇరుసు, షాఫ్టు, ట్రాన్స్‌ఫర్ కేస్ బరువును ఏడాది పొడవునా ఊరికే మోసి, ఆ మేరకు లోడూ మైలేజీ తగ్గించుకోవడం. చీమకుర్తి గ్రానైట్ క్వారీల్లో పదిచక్రాల టిప్పర్లు 6×4 రకం, ముందు ఇరుసుకు బలం లేకుండానే గుంత నుంచి పైకి వస్తాయి, ఎందుకంటే బరువులో ఎక్కువ భాగం నడిచే చక్రాల మీదే ఉంటుంది, నేల రాయి.

మొదటి వానాకాలంలో బయటపడ్డవి

డ్రైవరు బురద దాటి తారు ఎక్కాక కూడా ఫోర్ హైలోనే నడిపాడు. మలుపులో ముందు చక్రాలు వెనక వాటికంటే ఎక్కువ దూరం తిరగాలి. బురదలో జారి ఆ తేడా సర్దుకుంటుంది, తారు మీద సర్దుకోదు. షాఫ్టులో మెలి బిగుసుకుని లీవరు బయటికి రాలేదు. సుత్తి అక్కర్లేదు. స్టీరింగు నేరుగా పెట్టి పది మీటర్లు వెనక్కి నడిపితే మెలి విడిపోయి లీవరు వచ్చేసింది. తర్వాత నియమం ఒకటే పెట్టారు: డ్రెయిను కట్ట ఎక్కే ముందే ఫోర్ హై, మెటల్ రోడ్డు చేరగానే తీసేయడం. దిగబడ్డాక వేస్తే అప్పటికే గుంత తవ్వుకుని ఉంటుంది. బురదలో రెండో గేరులో బయలుదేరాలి. చక్రం ఊరికే తిరిగిందంటే వెంటనే కాలు తీసి, వచ్చిన గాళ్లలోనే వెనక్కి రావాలి.

రెండోది కడుగుడు. బండిని గుంట మోటారు నీళ్లతోనే కడుగుతున్నారు. పైకి మెరుస్తుంది, లోపల ఛాసిస్ మూలల్లో, బ్రేకు ప్లేట్ల వెనక ఉప్పు పేరుకుంటుంది. ఈ తీరంలో చాలా చోట్ల బోరు నీళ్లదీ అదే కథ. వారానికోసారి ఊళ్లో మంచినీళ్ల సర్వీసింగుకు పంపి, అడుగుభాగం కడిగించి, జాయింట్ రాడ్ల క్రాసులకు, కమాను పిన్నులకు కొత్త గ్రీజు పాతది బయటికి వచ్చేదాకా కొట్టించాలి.

మూడోది నీళ్లు. తారు మీద వేగంగా వచ్చి వేడెక్కిన హౌసింగ్ ఒక్కసారిగా మోకాటి లోతు నీళ్లలో దిగితే, లోపలి గాలి కుంచించుకుపోయి సీళ్ల గుండా ఉప్పునీటిని పీలుస్తుంది. గాలి గొట్టం బురదతో మూసుకుపోయి ఉంటే ఇంకా ఎక్కువ. దిగే ముందు అయిదు నిమిషాలు ఆపితే కొంత నయం. అలా దిగిన ప్రతిసారీ ముందు, వెనక డిఫరెన్షియళ్లు, ట్రాన్స్‌ఫర్ కేస్ నింపుడు బోల్టు విప్పి వేలు పెట్టి చూడాలి. ఆయిల్ పాల టీ రంగులో ఉంటే మరుసటి సర్వీసు దాకా ఆగకుండా ఆ రోజే తీసేసి, కొత్తది పోసి, కొంచెం నడిపి, మళ్లీ మార్చాలి. జనవరి నుంచి ఫోర్ వీల్ అవసరం లేకపోయినా, నెలకోసారి ఇసుక దారిలో కొన్ని కిలోమీటర్లు ఫోర్ హైలో నడిపితే ముందు ఇరుసు గేర్లకు ఆయిల్ అందుతుంది, సీళ్లు ఎండి కారవు, లీవరు తుప్పు పట్టి బిగుసుకోదు.